బూజును అర్ధాకలితో ఉంచాలి: పెన్సిలిన్ తయారీ లెక్కలు

రుమాటిక్ జ్వరం వచ్చి తగ్గిన పిల్లలకు గుండె కవాటాలు మళ్లీ దెబ్బతినకుండా మూడు వారాలకోసారి తుంటికి బెంజాథిన్ పెన్సిలిన్ ఇస్తారు. సీసా మీద 12 లక్షల యూనిట్లు అని రాసి ఉంటుంది. ఒక యూనిట్ అంటే 0.6 మైక్రోగ్రాముల సోడియం పెన్సిలిన్ జి. ఆ లెక్కన సీసాలో ఉన్నది 0.72 గ్రాములకు సమానమైన మందు, ముప్పావు గ్రాము కూడా కాదు. 1928లో లండన్ సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో ఫ్లెమింగ్ కంటపడిన, పెన్సిలిన్ చేసే బూజు ఎంత బాగా పెంచినా మిల్లీలీటరుకు 2 యూనిట్ల దగ్గరే ఆగేది. దాంతో ఈ ఒక్క ఇంజెక్షన్ చేయాలంటే 600 లీటర్ల ద్రవం పులియబెట్టాలి, అదీ దారిలో చుక్క కూడా వృథా కాకపోతే. ఇప్పుడు పెద్ద ట్యాంకుల్లో లీటరుకు 50 గ్రాముల దాకా తీస్తున్నారు. అదే మోతాదుకు మూడు టీస్పూన్ల ద్రవం చాలు.

600 లీటర్లు మూడు టీస్పూన్లయిన కథలో బూజును పెంచడం తేలిక భాగం. తడి తగిలిన రొట్టె మీద ఎవరూ పెంచకుండానే పెరుగుతుంది. కష్టమంతా రెండు చోట్ల ఉంది. పెరిగిన బూజును రోజుల తరబడి సరిగ్గా అర్ధాకలితో ఉంచడం ఒకటి. అది ఇచ్చిన మందు మన చేతుల్లోనే విరిగిపోకముందే బయటికి లాగడం రెండోది.

మొదటి పెద్ద అడుగు అమెరికాలో పడింది. 1941 వేసవిలో ఆక్స్‌ఫర్డ్‌లో పెన్సిలిన్ మీద పనిచేస్తున్న శాస్త్రవేత్తలు ఫ్లోరీ, హీట్లీ ఇలినాయ్ రాష్ట్రం పియోరియాలోని వ్యవసాయ శాఖ ప్రయోగశాలకు వెళ్లారు. అక్కడ ఆండ్రూ మోయర్ ద్రవంలో కార్న్ స్టీప్ లిక్కర్ కలిపి చూశాడు. మొక్కజొన్న నుంచి గంజిపిండి తీసే మిల్లుల్లో గింజలు నానబెట్టిన నీళ్లను మరిగించి చిక్కబరిస్తే వచ్చే ముదురు గోధుమరంగు ద్రవం అది. దిగుబడి ఎన్నో రెట్లు పెరిగింది. 1943లో అదే ఊరి మార్కెట్లో కుళ్లిన ఖర్బూజా మీద దొరికిన బూజుకు ఎన్ఆర్ఆర్ఎల్ 1951 అని నంబరిచ్చారు (ఎన్ఆర్ఆర్ఎల్ అంటే ఆ ప్రయోగశాలే; 1951 సంవత్సరం కాదు, నిల్వ నంబరు). దాని మీద ఎక్స్‌రేలు, ఆ తర్వాత అతినీలలోహిత కిరణాలు పంపి, ఉత్పరివర్తనల్లో మంచివాటిని ఏరుకుంటూ పోయారు. ఇవాళ్టి ఫ్యాక్టరీ రకాలన్నీ ఆ ఖర్బూజా సంతానమే. పాఠ్యపుస్తకాల్లో పేరు పెనిసిలియం క్రిసోజీనమ్. 2011లో డీఎన్ఏ పోల్చి చూసి ఇది పెనిసిలియం రూబెన్స్ అని తేల్చారు గానీ ప్లాంట్లలో పాత పేరే నడుస్తోంది.

కార్న్ స్టీప్ ఎందుకు పనిచేసిందో తెలియాలంటే బూజు కణంలోకి ఒకసారి తొంగిచూడాలి. అది మూడు అమైనో ఆమ్లాలను గొలుసు కడుతుంది: అమైనోఅడిపిక్ ఆమ్లం, సిస్టీన్, వాలీన్. తర్వాత ఒక ఎంజైమ్ ఆక్సిజన్ సాయంతో ఆ గొలుసును రెండు వలయాలుగా ముడుస్తుంది. బ్యాక్టీరియా గోడ కట్టే ఎంజైమ్‌ను పట్టుకుని వదలని బీటా లాక్టమ్ వలయం ఇక్కడే పుడుతుంది. ఒక్కో అణువుకు ఒక ఆక్సిజన్ అణువు ఖర్చు. అంటే ట్యాంకులోకి ఊదే గాలి బూజు ఊపిరికే కాదు, మందుకు ముడిసరుకు కూడా. చివరి మెట్టులో అమైనోఅడిపిక్ ముక్కను పీకేసి దాని చోట ఫినైల్ అసిటిక్ ఆసిడ్‌ను తగిలిస్తుంది. అప్పుడే అది పెన్సిలిన్ జి అవుతుంది. ఈ ముక్క బూజు దగ్గర తగినంత ఉండదు, మనమే ఇవ్వాలి. మొక్కజొన్న నానిన నీళ్లలో దానికి పనికొచ్చే పదార్థాలు ఉండటమే మోయర్ అదృష్టం. దాని బదులు ఫినాక్సీ అసిటిక్ ఆసిడ్ ఇస్తే అదే బూజు పెన్సిలిన్ వి చేస్తుంది, అది కడుపులోని ఆమ్లానికి తట్టుకుంటుంది కాబట్టి నోటి మాత్రగా పనికొస్తుంది. మరో సంగతి. అమైనోఅడిపిక్ ఆమ్లం బూజు లైసీన్ తయారుచేసుకునే దారిలోదే. అందుకే మేతలో లైసీన్ ఎక్కువైతే బూజు ఆ దారినే మూసేస్తుంది, పెన్సిలిన్ పడిపోతుంది. నత్రజని కోసం ఏ చవక ప్రొటీన్ పడితే అది కలపకూడదనడానికి ఇదొక కారణం.

ఆ చివరి మార్పిడి పెరాక్సిసోమ్ అనే చిన్న అరలో జరుగుతుంది. బ్యాక్టీరియాకు అలాంటి అర ఉండదు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికా మందుల కంపెనీ లెడర్లీలో పరిశోధన నడిపిన రోజుల్లో బయటికొచ్చిన యాంటీబయాటిక్ ఆరియోమైసిన్‌ను కూడా బూజు మందు అని చాలామంది రాసేస్తుంటారు. దాన్ని చేసే స్ట్రెప్టోమైసిస్ దారాలు దారాలుగా పెరుగుతుంది, చూడ్డానికి బూజులాగే ఉంటుంది, కానీ బ్యాక్టీరియా. నిజంగా శిలీంధ్రాల నుంచి వచ్చినవి వేరే ఉన్నాయి: సెఫలోస్పోరిన్లు, కొలెస్ట్రాల్ తగ్గించే లోవాస్టాటిన్, కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లు వాడే సైక్లోస్పోరిన్, మైకోఫినోలిక్ ఆసిడ్. వీటన్నిటికీ కర్మాగారంలో దారి దాదాపు ఒకటే కాబట్టి పెన్సిలిన్ ఒక్కటి అర్థమైతే మిగతావి సగం అర్థమైనట్టే.

ఇక పనిలోకి. వరికి నారు పోసి నాటు వేసినట్టే ఇక్కడా మెట్లున్నాయి. మూలరకాన్ని పొడిగా ఎండబెట్టిన సీసాల్లోనో ద్రవ నైట్రోజన్‌లోనో దాస్తారు. దాన్నుంచి ఉడికించి శుద్ధిచేసిన బియ్యం గింజల మీద బూజు పెంచితే గింజ గింజకూ ఆకుపచ్చ బీజాలు పట్టుకుంటాయి. ఆ బీజాలు చిన్న సీడ్ ట్యాంకులోకి, అక్కడ మొలిచి పెరిగిన దారాలు పెద్ద సీడ్ ట్యాంకులోకి, అక్కడి నుంచి అసలు ఫెర్మెంటర్‌లోకి వెళ్తాయి. పెద్ద ట్యాంకు పరిమాణంలో పదో వంతు దాకా సీడ్ పోస్తారు. ఇక్కడ తొందరపడి పల్చటి సీడ్ పోస్తే పెద్ద ట్యాంకులో మొదటి రోజు వృథా. ముదిరిపోయిన సీడ్ పోస్తే సగం దారాలు అప్పటికే ఖాళీ.

ఎక్కువమంది చేసే తప్పు రకాన్ని మేత పోసిన పలకల మీద మార్చి మార్చి పెంచడం. ఫ్యాక్టరీ రకాల్లో పెన్సిలిన్ జన్యువుల గుంపు పక్కపక్కనే చాలా ప్రతులుగా ఉంటుంది. విభజన జరిగేకొద్దీ కొన్ని ప్రతులు జారిపోతాయి. ప్రతులు పోగొట్టుకున్న బూజుకు మోత తగ్గింది కాబట్టి త్వరగా పెరుగుతుంది, చూడ్డానికి ఆరోగ్యంగా ఉంటుంది, మిగతావాటిని తోసేసి పలక నిండా అదే ఉంటుంది. బాగా పెరిగిన కాలనీని చూసి మురిసిపోయి ఏరుకుంటే చేతికొచ్చేది సోమరి. అందుకే ప్రతి బ్యాచ్‌నూ మూల సీసాకు వీలైనంత దగ్గరి తరం నుంచే మొదలుపెట్టాలి, కొత్త సీసాల వరుసను ఫ్లాస్కుల్లో దిగుబడి కొలిచాకే వాడాలి.

అసలు ట్యాంకు. పాతకాలం పాఠ్యపుస్తకాల పాళ్లు ఇలా ఉంటాయి: కార్న్ స్టీప్ లిక్కర్ 4–5 శాతం, మొత్తం మీద కొద్దికొద్దిగా పోసే గ్లూకోజ్ 10 శాతం, ఫినైల్ అసిటిక్ ఆసిడ్ 0.5–0.8 శాతం, నురుగు అణచడానికి నూనె 0.5 శాతం. ఉష్ణోగ్రత 25–26 డిగ్రీలు, పీహెచ్ 6.5 చుట్టుపక్కల. ఇప్పటి దిగుబడులకు ఈ పాళ్లు చాలవు గానీ తర్కం అదే. చక్కెరను, నత్రజని పదార్థాలను కలిపి 121 డిగ్రీల దగ్గర ఉడికించకూడదు. రెండూ చర్య జరిపి గోధుమరంగుకు తిరుగుతాయి, మేత పాడవుతుంది, రంగు చివరి స్ఫటికాల దాకా వెంటాడుతుంది. విడివిడిగా శుద్ధిచేసి ట్యాంకులో కలపాలి.

మొదటి 40 గంటలు బూజును పెరగనిస్తారు. ఆరు గంటలకోసారి రెట్టింపవుతుంది. ఈ దశలో మందు దాదాపు ఉండదు. తర్వాత చక్కెరకు కళ్లెం వేస్తారు. గ్లూకోజ్ పుష్కలంగా దొరికినంతసేపూ పెన్సిలిన్ జన్యువులు అణిగి ఉంటాయి, కడుపు నిండిన బూజు కండ పెంచుకుంటుందే తప్ప మందు చేయదు. యుద్ధకాలంలో దీనికి విరుగుడుగా లాక్టోజ్ వాడారు, బూజు దాన్ని నిదానంగా విరగ్గొట్టుకుంటుంది కాబట్టి ఆకలి దానంతటదే ఉండేది. ఇప్పుడు చవకైన గ్లూకోజ్ ద్రావణాన్నే గంటగంటకూ కొలిచి వదులుతారు, ట్యాంకులో మిగులు చక్కెర సున్నాకు దగ్గరగా ఉండేట్టు. అలాగని పూర్తిగా మాడ్చినా పని జరగదు. పెరుగుదల గంటకు ఒక శాతం కంటే పడిపోతే పాత దారాలు చనిపోయినంత వేగంగా కొత్తవి పుట్టవు, మందు ఆగిపోతుంది. ఈ సన్నటి గట్టు మీద నాలుగైదు రోజులు నడిపించడమే ఫెర్మెంటేషన్ షిఫ్టు ఇన్‌చార్జి పని.

నడక సరిగ్గా ఉందో లేదో చెప్పే నమ్మకమైన సాక్షి పీహెచ్. చక్కెర ఎక్కువైతే బూజు ఆమ్లాలు వదులుతుంది, పీహెచ్ కిందికి జారుతుంది, దాన్ని నిలబెట్టడానికి పోసే అమ్మోనియా ఖర్చు ఉన్నట్టుండి పెరుగుతుంది. చక్కెర చాలకపోతే బూజు తన ప్రొటీన్లనే తినడం మొదలుపెడుతుంది, అమ్మోనియా బయటికొస్తుంది, పీహెచ్ పైకి పాకుతుంది. 7 దాటిందంటే రెండు నష్టాలు: బూజు కరిగిపోతోంది, చేసిన పెన్సిలిన్ వలయం కూడా క్షారానికి తెరుచుకుని పనికిరాని పెన్సిలోయిక్ ఆమ్లమవుతోంది. పీహెచ్ పెరిగిందని ఆమ్లం పోసి ఊరుకోవడం జ్వరానికి తడిగుడ్డ వేసి ఊరుకోవడం లాంటిది. చక్కెర మీటరు చూడాలి.

ద్రవంలో కరిగిన ఆక్సిజన్, అందులో గరిష్ఠంగా కరగగలిగినదాంట్లో 30 శాతానికి తగ్గకూడదు. 10 శాతం కంటే కిందికి కాసేపు పడినా, తర్వాత ఎంత గాలి ఊదినా ఆ బ్యాచ్ మళ్లీ మందు చేసే స్థితికి రాదు. కరెంటు పోయి ఎజిటేటర్ (కలియతిప్పే యంత్రం) ఆగితే బూజు చావకపోయినా బ్యాచ్ పోతుందనడానికి ఇదే కారణం. జనరేటర్ అందుకునేలోగా చక్కెర వాల్వు మూసేయడం మొదటి పని, మేత లేకపోతే ఆక్సిజన్ వాడకం వెంటనే తగ్గుతుంది. దారాలు బాగా పెనవేసుకుంటే రసం (ట్యాంకులోని ద్రవం) గంజిలా చిక్కబడి బుడగలు కదలవు. ఆ చిక్కదనాన్ని తిప్పే వేగంతో గెలవాలనుకుంటే దారాలు తెగుతాయి, వేడి పెరుగుతుంది. కాస్త నీళ్లు పోసి పల్చన చేయడం, నిండిన ట్యాంకు నుంచి కొంత రసం ముందే తీసి కోతకు పంపడం మేలు. నురుగు పాలు పొంగినట్టు పొంగితే యాంటీఫోమ్ పోస్తారు. అదీ చేయి జారితే నష్టమే, బుడగలు కలిసిపోయి పెద్దవవుతాయి, ఆక్సిజన్ కరగడం మందగిస్తుంది, వడపోతలో జిడ్డు మిగులుతుంది. పైగా ఇది కోస్తాలాంటి చోట అయితే ఇంకో ఖర్చు తోడవుతుంది. ఉక్కపోత నెలల్లో కూలింగ్ టవర్ నీళ్లే 25 డిగ్రీలకు పైన ఉంటాయి, వాటితో 25 డిగ్రీల ట్యాంకును చల్లబరచలేం. చిల్లర్లు నడపాల్సిందే. కరెంటు బిల్లులో గాలి కంప్రెసర్లు, చిల్లర్ల వాటా చూస్తే ఈ మందు ధర ఎక్కడ తేలుతుందో అర్థమవుతుంది.

ఫినైల్ అసిటిక్ ఆసిడ్ లెక్క సూటిగానే ఉంటుంది. అణుభారాల ప్రకారం ఒక గ్రాము పెన్సిలిన్‌కు 0.41 గ్రాములు కావాలి, లీటరుకు 50 గ్రాముల మందు కోసం సుమారు 20 గ్రాములు. అంతా ఒకేసారి పోస్తే బూజు చస్తుంది, ఆమ్లరూపంలో అది కణత్వచం దాటిపోయి లోపల విషమవుతుంది. అందుకే క్షారంతో లవణంగా మార్చి, పీహెచ్ సరిచేసి, సన్నటి ధారగా వదులుతూ, మూడు నాలుగు గంటలకోసారి హెచ్‌పీఎల్‌సీ అనే విశ్లేషణ యంత్రం మీద చూసి రసంలో మిగులు లీటరుకు అర గ్రాము నుంచి ఒక గ్రాము మధ్య నిలపాలి. తక్కువైతే పక్కగొలుసు (చివర్లో తగిలించే ఆ ముక్క) లేని పెన్సిలిన్ మూలభాగం 6-ఏపీఏ, ఇంకా వేరే పక్కగొలుసుల పెన్సిలిన్లు రసంలో పేరుకుంటాయి. వాటిని తర్వాత వేరుచేయడం తలనొప్పి.

బ్యాక్టీరియాను చంపే మందు నిండిన ట్యాంకులో బ్యాక్టీరియా ఎలా పడుతుందని కొత్తగా చేరినవాళ్లు అడుగుతారు. పడుతుంది. మొదటి రెండు రోజులు ట్యాంకులో మందే ఉండదు. తర్వాత కూడా, పెన్సిలిన్‌ను విరగ్గొట్టే పెన్సిలినేజ్ ఎంజైమ్ చేసే బ్యాక్టీరియాకు అది మేతతో సమానం. ఒక్క కణం చొరబడినా రెట్టింపవుతూ రసంలోని పెన్సిలిన్‌ను గంటల్లో తినేస్తుంది. ఆక్సిజన్ కారణం లేకుండా పడిపోవడం, మందు లెక్క నిన్నటికంటే ఇవాళ తగ్గడం దాని గుర్తులు. దారి ఎక్కువగా తడిసిన ఎయిర్ ఫిల్టర్, గింజంత రంధ్రం పడిన కూలింగ్ కాయిల్, ఆవిరి సరిగ్గా చేరని పైపు మూలలు. మైక్రోస్కోపు కింద, బ్యాక్టీరియాను చూపే గ్రామ్ రంగు వేసి చూడటం షిఫ్టుకోసారైనా జరగాలి. పలక మీద కాలనీ తేలేదాకా ఆగితే ఆలస్యమైనట్టే.

బ్యాచ్ కోతకొచ్చాక గడియారంతో పందెం. రసాన్ని వెంటనే 10 డిగ్రీల లోపుకు చల్లార్చి, రోటరీ వాక్యూమ్ డ్రమ్ మీద దారాలను వడగట్టాలి. చల్లటి నీళ్లతో ఆ తెట్టను ఒకసారి కడిగితే అందులో చిక్కుకున్న మందు కూడా వస్తుంది. ఆలస్యమైతే దారాలు కరిగి ప్రొటీన్లు వదులుతాయి, డ్రమ్ మీద గుడ్డ మూసుకుపోతుంది, తర్వాతి మెట్టులో ద్రావణి, నీళ్లు విడిపోవు.

తర్వాతి మెట్టు మందును నీళ్ల నుంచి ద్రావణిలోకి లాగడం. ఇది 1940లో హీట్లీ ఆలోచన, ఇప్పటికీ అదే. పెన్సిలిన్ ఒక బలహీన ఆమ్లం, పీకేఏ 2.75, అంటే ఆ పీహెచ్ దగ్గర సగం ఆమ్లరూపంలో ఉంటుంది. పీహెచ్ 2 దగ్గర 85 శాతం ఆమ్లరూపంలో ఉండి ద్రావణిలోకి దూకుతుంది. పీహెచ్ 3 దగ్గర ఆ వాటా 36 శాతమే. కాబట్టి పలుచటి సల్ఫ్యూరిక్ ఆమ్లంతో 2–2.5కి దించి, రసం కంటే తక్కువ ఘనపరిమాణంలో బ్యూటైల్ అసిటేట్‌తో కలుపుతారు. ఇబ్బంది ఏమిటంటే అదే ఆమ్లం పెన్సిలిన్‌ను విరుస్తుంది. పీహెచ్ 2 వద్ద 24 డిగ్రీల్లో దాదాపు 20 నిమిషాలకే సగం పోతుంది. 0 డిగ్రీల దగ్గర సగం పోవడానికి నాలుగు గంటల పైమాట. అందుకే ఆమ్లం తొట్టిలో కలిపి వదిలేయరు, పైపులో పారుతున్న చల్లటి రసానికి కలుపుతూ నేరుగా సెంట్రిఫ్యూగల్ ఎక్స్‌ట్రాక్టర్‌లోకి పంపుతారు, రెండు ద్రవాలూ కలిసి విడిపోయే సమయం నిమిషాలు దాటదు. చిలికిన మజ్జిగలా మధ్యలో తెల్లటి పొర నిలిచిపోతే అది వడపోతలో తప్పించుకున్న ప్రొటీన్ పని. ఆ పొరను విడగొట్టే డీమల్సిఫయర్ కొద్దిగా పోస్తారు, కానీ జబ్బు వడపోత దగ్గర ఉందని మరిచిపోకూడదు.

ద్రావణిలోని మందుకు కార్బన్‌తో రంగు తీసి, పొటాషియం అసిటేట్ ఆల్కహాల్ ద్రావణం కలిపితే పొటాషియం పెన్సిలిన్ జి తెల్లటి స్ఫటికాలుగా దిగుతుంది. ఇక్కడ శత్రువు నీరు. ఈ లవణం నీళ్లలో ఇట్టే కరుగుతుంది, ద్రావణిలో తేమ మిగిలితే దిగుబడి తల్లిద్రవంలోనే (స్ఫటికాలు దిగాక మిగిలే ద్రవంలోనే) ఉండిపోతుంది. బాగా ఎండిన స్ఫటికాలు ఏళ్ల తరబడి ఉంటాయి, తేమ తగిలినవి నిలవవు. స్వచ్ఛమైన పొటాషియం లవణం మిల్లీగ్రాముకు 1,595 యూనిట్లు, అంటే 10 లక్షల యూనిట్లకు 627 మిల్లీగ్రాములు. కొత్త బ్యాచ్ ఆ అంకెకు ఎంత దూరంలో ఉందో చూస్తే మలినం సంగతి తెలిసిపోతుంది.

ఇలా తీసిన పెన్సిలిన్ జిలో ఎక్కువ భాగం ఎవరి ఒంట్లోకీ నేరుగా వెళ్లదు. 1957లో బీచమ్ కంపెనీ పరిశోధకులు వేరుచేసిన 6-ఏపీఏ కోసం మళ్లీ విరగ్గొడతారు. మనం అంత కష్టపడి తగిలించిన ఫినైల్ అసిటిక్ ముక్కను పెన్సిలిన్ అసైలేజ్ ఎంజైమ్ పీకేస్తుంది. గింజల్లా చేసిన రెసిన్ మీద ఎంజైమ్‌ను అతికించి, పీహెచ్ 8 దగ్గర, 30 డిగ్రీల చుట్టూ నడుపుతారు. విడుదలైన ఆమ్లం పీహెచ్‌ను లాగేస్తూ ఉంటుంది, అమ్మోనియాతో నిమిషనిమిషానికీ సరిచేయాలి. ఆలస్యమైతే ఎంజైమ్ మందగిస్తుంది, అతిగా పోస్తే క్షారం పడిన చోట వలయం తెరుచుకుంటుంది. పీహెచ్‌ను 4 దగ్గరకు దించితే 6-ఏపీఏ పొడిలా దిగుతుంది. కిలో పొటాషియం పెన్సిలిన్‌కు సిద్ధాంతపరంగా 580 గ్రాములు. విడిపోయిన ఫినైల్ అసిటిక్ ఆసిడ్‌ను శుద్ధిచేసి మళ్లీ బూజుకే పోస్తారు. ఎంజైమ్ రాకముందు ఇదే పని ఫాస్ఫరస్ పెంటాక్లోరైడ్‌తో మైనస్ 40 డిగ్రీల్లో చేసేవారు, ఆ ద్రావణుల కంపుతో పోలిస్తే ఇది స్వర్గం.

అమాక్సిసిలిన్, యాంపిసిలిన్ ఈ 6-ఏపీఏ నుంచే. పుణె దగ్గర పింప్రిలో హిందుస్థాన్ యాంటీబయాటిక్స్ 1955 నుంచే పెన్సిలిన్ చేసింది. తర్వాత చైనా ధరల ముందు మన దేశంలో ఫెర్మెంటర్లు ఒక్కొక్కటీ ఆగిపోయి, హైదరాబాద్ చుట్టుపక్కల క్యాప్సూల్ చేసే కంపెనీలు కూడా ముడిసరుకు దిగుమతి మీద బతికాయి. 2020లో కేంద్రం తెచ్చిన ప్రోత్సాహక పథకం కింద అరబిందో గ్రూపు లైఫియస్ ఫార్మా కాకినాడ సెజ్‌లో ఏడాదికి 15,000 టన్నుల పెన్సిలిన్ జి ప్లాంటు కట్టింది, 2024లో ఉత్పత్తి మొదలైంది. అంత మందు ఒకచోట చేయడమంటే అందుకు తగ్గ చక్కెర, కరెంటు, ఆవిరి ఒకచోట కావాలి. అసలు పోటీ బూజు తెలివిలో కాదు, ఈ మూడింటి ధరలోనే ఉంది.

రొట్టె మీద ఆకుపచ్చ బూజు గోకి పుండుకు రాయమని వాట్సాప్‌లో తిరిగే చిట్కా సంగతి ఒక్క మాటలో. ఆకుపచ్చగా ఉన్నదల్లా పెనిసిలియం కాదు, పెనిసిలియం అయినదల్లా పెన్సిలిన్ చేయదు, చేసినా మొదట చెప్పిన 600 లీటర్ల లెక్క వర్తిస్తుంది. ఆస్పర్జిల్లస్ అనే వేరే బూజు అయితే అఫ్లాటాక్సిన్ అనే విషం ఉండొచ్చు.

మిగిలింది దుమ్ము, చెత్త. పెన్సిలిన్ పొడి పీల్చిన కార్మికుల్లో కొందరికి ఎలర్జీ పుడుతుంది, ఒకసారి పుడితే ఆ భవనంలో ఇక పని చేయలేరు. ఇదే పొడి రవ్వంత వేరే మందులో కలిసినా పడనివాళ్ల ప్రాణం మీదికొస్తుంది. కాబట్టి పెన్సిలిన్‌కు భవనం వేరు, గాలి యంత్రాలు వేరుగా ఉండాలని నిబంధనలు చెబుతాయి. వడగట్టిన బూజు తెట్ట టన్నులకొద్దీ వస్తుంది, ప్రొటీన్ బాగా ఉంటుంది, ఎరువుగానో పశువుల దాణాగానో అమ్మేద్దామనిపిస్తుంది. అందులో మిగిలిన కాస్త పెన్సిలిన్ పొలంలోని బ్యాక్టీరియాకు తట్టుకోవడం నేర్పుతుంది. ముందు క్షారం కలిపి వేడిచేసి వలయాన్ని తెరవాలి, ఆపైన నమూనా తీసి బ్యాక్టీరియా పలక మీద పెట్టాలి. మరుసటి రోజు ఆ నమూనా చుట్టూ ఖాళీ వలయం ఏర్పడకుండా బ్యాక్టీరియా పలక నిండా పెరిగి ఉంటేనే లారీకి గేటు తెరవాలి.